సర్వర్ వైపు ఎక్స్‌ఎంఎల్: ఎలిమెంట్ తయారుచేయడం, చెట్టులో చేర్చడం, చెడకుండా దాచడం

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో వేలం జరిగిన ప్రతి సరుకునూ ఒక వెబ్ ఫారంలో ఎక్కిస్తున్నారనుకోండి. చేప రకం, బరువు, కిలో ధర, ఏ రకం పడవ తెచ్చింది అన్న వివరాలు సర్వర్‌కు వస్తాయి. ప్రోగ్రాం వాటితో ఒక ఎలిమెంట్ (తెరిచే ట్యాగు, మూసే ట్యాగు, వాటి మధ్య సమాచారం) కట్టి, అప్పటికే ఉన్న ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో ఆ రోజు కింద చేర్చాలి. ఈ వ్యాసమంతా ఆ ఒక్క పని గురించే. మద్దిలపాలెం హాస్టల్ గదిలో నేర్చుకుంటున్నవారికైనా, ఋషికొండ ఐటీ కొండల మీద కొలువు చేస్తున్నవారికైనా తగిలే చిక్కులు ఇవే.

ఉదాహరణకు పీహెచ్‌పీ 8ని, దానితో వచ్చే డామ్ ఎక్స్‌టెన్షన్‌ను తీసుకున్నాం. డామ్ పద్ధతిలో ఎక్స్‌ఎంఎల్ పత్రం మెమరీలో చెట్టులా ఉంటుంది. ఎలిమెంట్లు, వాటిలోని రాతలు ఆ చెట్టులో నోడ్లు, అన్నిటికీ పైనున్న ఎలిమెంట్ రూట్. ఈ పద్ధతికి మొదటి ప్రమాణం 1998లో వచ్చింది. అప్పటి నుంచి క్రియేట్ఎలిమెంట్, అపెండ్‌చైల్డ్ అనే పేర్లు జావా, జావాస్క్రిప్ట్, డాట్‌నెట్ అన్నింటిలోనూ దాదాపు అలాగే ఉన్నాయి. ఇక్కడ కోడ్‌ను పలికినట్టే తెలుగు లిపిలో రాశాం. ఎడిటర్‌లో కొట్టేటప్పుడు క్లాసులు, మెథడ్లు, ఎన్‌కోడింగ్ పేరు మాత్రం వాటి అసలు స్పెల్లింగ్‌తోనే ఉండాలి.

ముందే ఒక మాట. ఎలిమెంట్‌ను తయారుచేయడం ఒక పని, దాన్ని చెట్టులో చేర్చడం మరో పని, ఆ చెట్టును ఫైల్లోకి రాయడం మూడో పని. ఒకటి చేస్తే రెండోది దానంతట అది జరగదు. "కోడ్ అంతా సరిగ్గానే ఉంది, ఫైల్లో మాత్రం ఏమీ పడటం లేదు" అనేవాళ్ళు చాలావరకు ఈ మూడింటిలో ఒకదాన్ని వదిలేసి ఉంటారు.

మొదలుపెట్టే ముందు

ఉబుంటు సర్వర్‌లో పీహెచ్‌పీ వేసినంత మాత్రాన డామ్ రాదు. పీహెచ్‌పీ-ఎక్స్‌ఎంఎల్ ప్యాకేజీని విడిగా వేసి, వెబ్ సర్వర్‌ను లేదా ఎఫ్‌పీఎంను (పీహెచ్‌పీని నడిపే సర్వీసు) రీస్టార్ట్ చేయాలి. "డామ్‌డాక్యుమెంట్ క్లాసు దొరకలేదు" అనే ఎర్రర్ వస్తే కారణం ఇదే. పీహెచ్‌పీ తెలుగు అక్షరాలను యూటీఎఫ్-8లోనే డామ్‌కు ఇవ్వాలి కాబట్టి ఫారం పేజీ, డేటాబేస్ కనెక్షన్, పీహెచ్‌పీ ఫైలు మూడూ యూటీఎఫ్-8లోనే ఉండాలి. ఫైలును సేవ్ చేసేటప్పుడు బీఓఎం (ఫైలు మొదట్లో పడే కనిపించని గుర్తు) లేని యూటీఎఫ్-8ను ఎంచుకోండి. ఎందుకో చివర్లో తెలుస్తుంది.

ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌ను వెబ్ రూట్ ఫోల్డర్‌లో పెట్టకండి. బయట ఇంకో ఫోల్డర్‌లో పెట్టి, ఆ ఫోల్డర్‌లో రాసే అనుమతిని వెబ్ సర్వర్ నడిచే యూజర్‌కు ఇవ్వాలి. ఫైలుకు ఒక్కదానికే అనుమతి ఇస్తే చాలదు. మనం తాత్కాలిక ఫైలును కూడా అక్కడే సృష్టిస్తాం.

చెట్టు ఎలా ఉండాలో ముందు కాగితం మీద

మనకు కావలసింది ఇలాంటి పత్రం. అంకెలు ఉదాహరణకు వేసినవే.

<రేవు పేరు="విశాఖ ఫిషింగ్ హార్బర్">
  <రోజు తేదీ="2025-01-18">
    <సరుకు రకం="వంజరం" పడవ="మర">
      <బరువు కొలత="కేజీ">42.5</బరువు>
      <ధర>650</ధర>
      <గమనిక>చందువ & వంజరం కలిపి వేలం</గమనిక>
    </సరుకు>
  </రోజు>
</రేవు>

ఈ నమూనాలో కావాలనే ఒక తప్పు వదిలాం. గమనికలో ఉన్న & గుర్తు ఫైల్లో ఇలా విడిగా ఉండకూడదు. దాని సంగతి కాసేపట్లో చూద్దాం.

ట్యాగు పేర్లు తెలుగులో ఉండటం చూసి కంగారుపడనక్కర్లేదు. ఎక్స్‌ఎంఎల్ 1.0 నియమాల ప్రకారం తెలుగు అక్షరాలతో పేర్లు పెట్టుకోవచ్చు. పేరులో ఖాళీ ఉండకూడదు, పేరు 1, 2 లాంటి అంకెతో మొదలు కాకూడదు. "పడవ పేరు" అనో "1వరకం" అనో ఇస్తే క్రియేట్ఎలిమెంట్ అక్కడే ఇన్‌వాలిడ్ క్యారెక్టర్ ఎర్రర్ విసురుతుంది. దాని కోడ్ 5. తెలుగు కీబోర్డులో పొల్లు తరవాతి అక్షరం ఒత్తుగా మారకుండా కంటికి కనిపించని ఒక గుర్తు పడుతుంది, దాన్నే జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. 2008లో వచ్చిన అయిదో ఎడిషన్ దాన్ని పేర్లలో ఒప్పుకుంది, అంతకు ముందువి ఒప్పుకోలేదు. పాత నియమాలతో నడిచే పార్సర్లు (ఎక్స్‌ఎంఎల్‌ను చదివే ప్రోగ్రాములు) ఇంకా ఉన్నాయి కాబట్టి ట్యాగు పేర్లలో అది లేకుండా చూసుకోండి. ఇక అవతలి సంస్థ తన స్కీమా (పత్రంలో ఏ పేర్లు, ఏ ఆకారం ఉండాలో చెప్పే నియమాలు) ఇచ్చి ఉంటే చర్చే లేదు, వాళ్ళ పేర్లే వాడాలి.

చేప పేరునే ట్యాగు పేరుగా పెట్టాలన్న ఆలోచన చాలామందికి వస్తుంది. వద్దు. వంజరం, చందువ, కానాగంతలు, కవళ్ళు అని ఒక్కోదానికి ఒక్కో ట్యాగు పెడితే, కొత్త రకం వచ్చిన ప్రతిసారీ చదివే ప్రోగ్రాంను మార్చాల్సి వస్తుంది. మారే సమాచారం విలువలో ఉండాలి, మారని ఆకారం పేరులో ఉండాలి. ఏది ఆట్రిబ్యూట్‌గా (ట్యాగు లోపలే పేరు="విలువ" అని రాసేది) పెట్టాలి, ఏది ఎలిమెంట్‌గా పెట్టాలి అన్నదానికి పెద్ద సిద్ధాంతమేమీ అక్కర్లేదు. వెతకడానికి పనికొచ్చే చిన్న మాట ఆట్రిబ్యూట్‌లో పెట్టండి. పొడుగు రాత, మళ్ళీ మళ్ళీ వచ్చేది, రేపు లోపల ఇంకో భాగం పెరగగలిగేది ఎలిమెంట్‌లో పెట్టండి. ఒకే ఎలిమెంట్‌లో ఒకే పేరుతో రెండు ఆట్రిబ్యూట్లు ఉండవు.

1. పత్రం, రూట్

$డాక్ = న్యూ డామ్‌డాక్యుమెంట్('1.0', 'యూటీఎఫ్-8');
$రేవు = $డాక్->క్రియేట్ఎలిమెంట్('రేవు');
$రేవు->సెట్ఆట్రిబ్యూట్('పేరు', 'విశాఖ ఫిషింగ్ హార్బర్');
$డాక్->అపెండ్‌చైల్డ్($రేవు);

మొదటి లైన్లో రెండో ఆర్గ్యుమెంట్ మరిచిపోతే ప్రోగ్రాం ఆగదు, కానీ ఫైల్లో తెలుగు రాతకు బదులు సంఖ్యా సంకేతాల వరస కనిపిస్తుంది. "వ" అనే అక్షరానికి యూనికోడ్ సంఖ్య 3125. ఎన్‌కోడింగ్ చెప్పకపోతే, పీహెచ్‌పీ డామ్ వెనక పనిచేసే లిబ్‌ఎక్స్‌ఎంఎల్ లైబ్రరీ విలువల్లోని ప్రతి తెలుగు అక్షరాన్నీ అలా సంఖ్యగా రాసేస్తుంది. తిరిగి చదివేటప్పుడు సరిగ్గానే వస్తుంది, పాడైపోదు. కానీ ఫైలు ఉబ్బుతుంది, మనిషి చదవలేడు.

రూట్ ఒక్కటే ఉండాలి. రెండో రూట్ చేర్చబోతే జావా వెంటనే హయరార్కీ రిక్వెస్ట్ ఎర్రర్ ఇస్తుంది, కోడ్ 3. పీహెచ్‌పీలోని పాత డామ్‌డాక్యుమెంట్ క్లాసు మాత్రం చప్పుడు చేయకుండా చేర్చుకుని, ఫైల్లోకి కూడా రాసేస్తుంది. మర్నాడు ఆ ఫైలు తెరిచినప్పుడు "పత్రం చివర అదనపు రాత ఉంది" అని లోడ్ విఫలమవుతుంది. తప్పు ఒకచోట, కేక ఇంకోచోట. $డాక్ మీద అపెండ్‌చైల్డ్ పిలిచే లైను మీ కోడ్‌లో ఒక్కసారే ఉందో లేదో వెతికి చూసుకోండి.

2. ఉన్న ఫైలును తెరవడం

రెండోసారి నుంచి పత్రం కొత్తగా కట్టం, లోడ్ చేస్తాం. లోడ్‌కు ముందే రెండు పనులు చేయాలి. ఒకటి, లిబ్‌ఎక్స్‌ఎంఎల్ ఎర్రర్లు తెర మీద పడకుండా లోపల పోగయ్యేలా చేయడం. రెండు, ప్రిజర్వ్‌వైట్‌స్పేస్‌ను ఫాల్స్ చేయడం. ఆ తరవాతే లోడ్. చివర్లో, రాసేటప్పుడు ఇండెంట్ వేయమనే ఫార్మాట్ఔట్‌పుట్‌ను ట్రూ చేయాలి.

ఈ వరస తప్పితే కొత్తగా చేర్చిన సరుకులన్నీ ఒకే లైన్లో అతుక్కుపోతాయి. ఫైల్లో ట్యాగుల మధ్య ఉన్న ఎంటర్లు, ఖాళీలు కూడా డామ్ దృష్టిలో టెక్స్ట్ నోడ్లే. అవి ఉన్నచోట "ఇక్కడ మనిషి రాసిన అమరిక ఉంది" అనుకుని రాసేటప్పుడు అది ఇండెంట్ వేయదు. లోడ్ తరవాత ప్రిజర్వ్‌వైట్‌స్పేస్ మార్చినా లాభం లేదు, ఆ నోడ్లు అప్పటికే చెట్టులో చేరిపోయాయి.

లోడ్ ఫాల్స్ ఇస్తే అక్కడే ఆగండి. విఫలమైన లోడ్ తరవాత ఖాళీ పత్రానికి ఒక సరుకు చేర్చి సేవ్ చేస్తే, నెల రోజుల సమాచారం పోయి ఒక్క ఎంట్రీ మిగులుతుంది.

3. ఆ రోజు నోడ్ దొరుకుతుందా?

చెట్టులో నోడ్ ఉన్న దారిని రాసి వెతికే ఎక్స్‌పాత్‌తో వెతకాలి. తెలుగు పేర్లు ఇక్కడా పనిచేస్తాయి:

/రేవు/రోజు[@తేదీ="2025-01-18"]

తేదీ ఫారం నుంచి వస్తుంటే, నాలుగంకెలు, గీత, రెండంకెలు, గీత, రెండంకెలు అనే ఆకారంలో ఉందో లేదో ముందే సరిచూసి తరవాతే ఈ వాక్యంలో కలపాలి. లేదంటే ఎవరైనా కొటేషన్ గుర్తు జొప్పించి వెతుకులాటనే మార్చేయగలరు. సంవత్సరం ముందు పెట్టడానికి ఇంకో కారణం ఉంది. అలా రాసిన తేదీలు మామూలు అక్షర క్రమంలోనే కాలక్రమంలో కూడా ఉంటాయి.

దొరికితే ఆ నోడ్‌నే వాడండి, దొరకకపోతే కొత్త రోజు తయారుచేసి రూట్‌కు చేర్చండి. తాజా రోజు పైన ఉండాలంటే అపెండ్‌చైల్డ్ బదులు ఇన్సర్ట్‌బిఫోర్ వాడాలి. దాన్ని తల్లి నోడ్ మీద పిలవాలి. మొదటిది కొత్త నోడ్, రెండోది ఏ నోడ్‌కు ముందు పెట్టాలో ఆ నోడ్. రెండోది ఆ తల్లికి నేరుగా బిడ్డ కాకపోతే నాట్ ఫౌండ్ ఎర్రర్ వస్తుంది, కోడ్ 8. మనవడిని చూపించి ముందు పెట్టమంటే కుదరదు. రెండోది నల్ అయితే చివర్లో చేరుతుంది, కాబట్టి ఖాళీ రూట్‌కు విడిగా షరతు రాయనక్కర్లేదు. ఫస్ట్‌చైల్డ్ కన్నా పీహెచ్‌పీ 8.0 నుంచి ఉన్న ఫస్ట్ఎలిమెంట్‌చైల్డ్ నయం, ఖాళీల నోడ్లను దాటేస్తుంది.

4. సరుకు కట్టడం

$సరుకు = $డాక్->క్రియేట్ఎలిమెంట్('సరుకు');
$సరుకు->సెట్ఆట్రిబ్యూట్('రకం', $రకం);
$ధర = $సరుకు->అపెండ్‌చైల్డ్($డాక్->క్రియేట్ఎలిమెంట్('ధర'));
$ధర->అపెండ్‌చైల్డ్($డాక్->క్రియేట్‌టెక్స్ట్‌నోడ్($కిలోధర));
$రోజు->అపెండ్‌చైల్డ్($సరుకు);

అపెండ్‌చైల్డ్ తను చేర్చిన నోడ్‌నే తిరిగి ఇస్తుంది, అందుకే మూడో లైను అలా కుదిరింది. చివరి లైను చివర్లోనే ఉండటం కావాలని చేసినదే. బరువు, ధర, గమనిక అన్నీ సరుకులో చేరాకే సరుకును రోజుకు తగిలించండి. మధ్యలో ఏ విలువైనా చెల్లక ప్రోగ్రాం బయటికి వచ్చేసినా, చెట్టులో సగం కట్టిన ఎంట్రీ ఉండదు.

క్రియేట్ఎలిమెంట్‌కు రెండో ఆర్గ్యుమెంట్‌గా విలువను కూడా ఇవ్వొచ్చు కదా, టెక్స్ట్ నోడ్ ఎందుకు అని అడగవచ్చు. పైన గమనికలో వదిలిన & ఇక్కడ బయటపడుతుంది. రెండో ఆర్గ్యుమెంట్‌లో వచ్చే ఆంపర్సెండ్‌ను పీహెచ్‌పీ ఎంటిటీ (ఆంపర్సెండ్‌తో మొదలై సెమీకోలన్‌తో ముగిసే సంకేతం) మొదలుగా చదువుతుంది. "ముగింపు లేని ఎంటిటీ రిఫరెన్స్" అని వార్నింగ్ ఇచ్చి, "చందువ" వరకు ఉంచి మిగతాది వదిలేస్తుంది. వార్నింగులు తెర మీద రాకుండా కట్టేసిన సర్వర్‌లో ఇది ఎవరి కంటా పడదు. టెక్స్ట్ నోడ్‌గా చేర్చినా, టెక్స్ట్‌కంటెంట్‌కు విలువ ఇచ్చినా ఆంపర్సెండ్‌ను, లెస్‌దెన్ గుర్తును రాసేటప్పుడు డామే మార్చుకుంటుంది. మీరు ముందుగా హెచ్‌టీఎంఎల్ ఎస్కేప్ ఫంక్షన్ కూడా వేస్తే రెండుసార్లు మారి, చదివేవాళ్ళకు చెత్త కనిపిస్తుంది. ఒక్కసారే, అదీ డామ్ చేతనే.

డామ్ తీర్చని చిక్కు ఒకటుంది. ఎక్స్‌ఎంఎల్ 1.0లో 32 కన్నా తక్కువ కోడ్ ఉన్న అక్షరాల్లో ట్యాబ్ (9), కొత్త లైను (10), క్యారేజ్ రిటర్న్ (13) తప్ప మిగతావి నిషిద్ధం. వేరే సాఫ్ట్‌వేర్ నుంచి కాపీ చేసిన రాతలో అలాంటివి దాక్కుని వస్తాయి. చేర్చేటప్పుడు, రాసేటప్పుడు పేచీ ఉండదు, తిరిగి లోడ్ చేసేటప్పుడే ఫైలు మొత్తం చెల్లకుండా పోతుంది. వచ్చిన ప్రతి విలువ నుంచి వాటిని ముందే తీసేయండి.

తెలుగుకే ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి. "టైగర్ రొయ్య"లో ఉన్న ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయవచ్చు: ఒకే గుర్తుగా, లేదా ఎత్వం గుర్తు మీద ఐత్వపు పొడిగింపు కలిపి రెండు గుర్తులుగా. తెర మీద రెండూ ఒకటే. ఎక్స్‌పాత్‌కు మాత్రం అవి వేర్వేరు మాటలు, కాబట్టి వెతికితే సగం సరుకులు దొరకవు. పీహెచ్‌పీ ఐఎన్‌టీఎల్ ఎక్స్‌టెన్షన్‌లోని నార్మలైజర్‌తో ఎన్‌ఎఫ్‌సీ రూపానికి (ఇలాంటి జంటలను ఒకే గుర్తుగా కలిపే రూపం) మార్చి, అటూ ఇటూ ఖాళీలు కత్తిరించి, అప్పుడే ఆట్రిబ్యూట్‌లో పెట్టండి. ఇంకా మంచి దారి, రకం పేరును టైపు చేయించకుండా జాబితాలోంచి ఎంపిక చేయించడం. అంకెల విషయంలోనూ అంతే. "1,250" అని కామాతో వస్తే సంఖ్య కాదు, తీసేయాలి.

ఖాళీ, సున్న, లేకపోవడం

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మర పడవలకు వేట నిషేధం. ఆ రోజుల్లో మర పడవ సరుకు ఉండదు. అప్పుడు ఏం రాయాలి? ధర 0 అని రాస్తే నెల సగటు లెక్కవేసే ప్రోగ్రాం దాన్ని నిజం ధరగా తీసుకుంటుంది. రోజు నోడే లేకపోతే "ఎవరూ ఎక్కించలేదు" అనే అర్థం వస్తుంది. ఖాళీ రోజు నోడ్ పెట్టి దానికి స్థితి="నిషేధం" అనే ఆట్రిబ్యూట్ ఇస్తే సంగతి తేలిపోతుంది. <రోజు/> అన్నా <రోజు></రోజు> అన్నా ఎక్స్‌ఎంఎల్‌కు ఒకటే, వాటి మధ్య తేడా ఉందనుకుని కోడ్ రాయకండి.

5. నోడ్ ఒకేచోట ఉంటుంది

ఒక నోడ్‌కు ఒకే తల్లి. అప్పటికే చెట్టులో ఉన్న నోడ్‌ను ఇంకోచోట అపెండ్‌చైల్డ్ చేస్తే కాపీ కాదు, అక్కడి నుంచి ఇక్కడికి జరుగుతుంది. లూపు బయట ఒక సరుకు తయారుచేసి, లూపులో విలువలు మారుస్తూ పదిసార్లు చేరిస్తే చివరికి ఒక్కటే ఉంటుంది, అదీ ఆఖరి విలువలతో. క్రియేట్ఎలిమెంట్‌ను లూపులోపల పెట్టండి. నమూనా నోడ్‌నే వాడాలనుకుంటే క్లోన్‌నోడ్‌కు ట్రూ ఇవ్వాలి. ఏమీ ఇవ్వకపోతే ఆట్రిబ్యూట్లు వస్తాయి, లోపలి బిడ్డలు రావు.

నోడ్‌కు తల్లే కాదు, యజమాని పత్రం కూడా ఉంటుంది. నిన్నటి ఫైలులోని సరుకును ఇవాళ్టి ఫైలుకు నేరుగా చేరిస్తే రాంగ్ డాక్యుమెంట్ ఎర్రర్, కోడ్ 4. ముందు ఇవాళ్టి పత్రం మీద ఇంపోర్ట్‌నోడ్ పిలవాలి, రెండో ఆర్గ్యుమెంట్ ట్రూ. అది ఇచ్చిన కొత్త నోడ్‌ను చేర్చాలి. చాలామంది ఇంపోర్ట్‌తో ఆగిపోతారు. ఇంపోర్ట్ చేసిన నోడ్ కూడా చేర్చేదాకా గాల్లోనే ఉంటుంది.

జావాలోనూ డాట్‌నెట్ పాత క్లాసుల్లోనూ ఇవే నియమాలు. మిగతా లైబ్రరీలకు మారేవాళ్ళు మాత్రం జాగ్రత్త. పైథాన్‌తో వచ్చే ఎలిమెంట్‌ట్రీలో నోడ్‌కు తల్లి ఎవరో తెలియదు, ఒకే నోడ్ రెండుచోట్ల ఉండగలదు. ఎల్‌ఎక్స్‌ఎంఎల్‌లో జరుగుతుంది. డాట్‌నెట్ లింక్ క్లాసుల్లో తల్లి ఉన్న నోడ్‌ను మళ్ళీ చేరిస్తే దానంతట అదే కాపీ అవుతుంది. ఒకే పనికి మూడు ఫలితాలు!

నేమ్‌స్పేస్ ఉన్న పత్రం

నేమ్‌స్పేస్ అంటే ఒక ట్యాగు పేరు ఎవరి పదజాలానికి చెందిందో చెప్పే చిరునామా. సైట్‌మ్యాప్‌లో లాగా రూట్‌కు డిఫాల్ట్ నేమ్‌స్పేస్ ఉంటే, అందులో చేర్చే ప్రతి ఎలిమెంట్‌నూ క్రియేట్ఎలిమెంట్ఎన్ఎస్‌తోనే, అదే నేమ్‌స్పేస్ చిరునామాతో తయారుచేయాలి. మామూలు క్రియేట్ఎలిమెంట్ వాడితే డాట్‌నెట్ ఆ ఎలిమెంట్ మీద ఖాళీ నేమ్‌స్పేస్ ప్రకటన రాస్తుంది. కనీసం కంటికి కనబడుతుంది. పీహెచ్‌పీ పాత క్లాసు అదీ రాయదు. ఫైలు చూడటానికి సరిగ్గా ఉంటుంది కానీ సేవ్ చేయకముందు అదే చెట్టులో ఎక్స్‌పాత్‌తో వెతికితే ఆ నోడ్ దొరకదు. జావాలో డాక్యుమెంట్ బిల్డర్ ఫ్యాక్టరీకి నేమ్‌స్పేస్ స్పృహ మామూలుగా ఉండదు, మీరే ఆన్ చేయాలి.

6. ఫైల్లోకి రాయడం

నేరుగా సేవ్ పిలిచి వదిలేస్తే పరీక్షలో అంతా బాగానే ఉంటుంది. వేలం వేళ ఇద్దరు ఒకే క్షణంలో ఫారం పంపితే ఇద్దరి ప్రోగ్రాములూ ఒకే పాత ఫైలు చదువుతాయి, చెరో సరుకు చేరుస్తాయి. ఆఖరున రాసినవారిది ఉంటుంది, ముందు రాసినవారిది పోతుంది. ఎర్రరేమీ రాదు. అందుకే వరస ఇలా ఉండాలి:

1. విడిగా ఒక తాళం ఫైలు తెరిచి, ఎఫ్‌లాక్‌తో ఎక్స్‌క్లూజివ్ తాళం వేయండి.
2. తాళం దొరికాకే ఎక్స్‌ఎంఎల్ లోడ్ చేయండి. ముందే లోడ్ చేసి తరవాత తాళం వేస్తే ప్రయోజనం లేదు.
3. సరుకు చేర్చండి.
4. అదే ఫోల్డర్‌లో తాత్కాలిక ఫైలుకు సేవ్ చేయండి. సేవ్ ఎన్ని బైట్లు రాసిందో చెబుతుంది, విఫలమైతే ఫాల్స్ ఇస్తుంది. ఆ ఫలితాన్ని తప్పక చూడండి.
5. రీనేమ్‌తో అసలు పేరు ఇవ్వండి. లినక్స్‌లో ఒకే ఫైల్‌సిస్టంలో రీనేమ్ ఒక్క దెబ్బకు జరుగుతుంది, చదివేవాళ్ళకు సగం ఫైలు ఎప్పుడూ కనిపించదు.
6. తాళం తీయండి.

తాళం ఎక్స్‌ఎంఎల్ ఫైలుకే వేయకూడదు. రీనేమ్ తరవాత ఆ పేరు మీద ఉన్నది వేరే ఫైలు, మీ తాళం పాతదాని మీదే మిగిలిపోతుంది.

పంపిన తరవాత పేజీని రిఫ్రెష్ చేస్తే సరుకు రెండుసార్లు పడుతుంది. విజయవంతంగా రాశాక, బ్రౌజర్‌ను వేరే పేజీకి మళ్ళించే 303 రీడైరెక్ట్ పంపండి. ప్రతి సరుకుకూ ఫారంలోనే ఒక విశిష్ట సంఖ్య ఇచ్చి, చేర్చేముందు అది ఉందేమో చూడటం ఇంకా గట్టి పద్ధతి.

డామ్ మొత్తం ఫైలును మెమరీలోకి తెస్తుంది, అక్కడ అది ఫైలు సైజుకు కొన్ని రెట్లు తింటుంది. నెలకో ఫైలుగా విడగొట్టండి. ఫైలు చివర అక్షరాలు అతికించి పని కానిద్దాం అనుకుంటే రూట్ ముగింపు ట్యాగు అడ్డం వస్తుంది. నిజం చెప్పాలంటే, ఎంట్రీలు వేలల్లోకి వెళ్ళే చోట ఎక్స్‌ఎంఎల్‌ను గోదాముగా వాడటం తెలివైన పని కాదు. ఎస్‌క్యూలైట్‌లోనో మైఎస్‌క్యూఎల్‌లోనో దాచి, అడిగినప్పుడు ఎక్స్‌ఎంఎల్‌రైటర్‌తో వరసగా రాసి పంపండి.

7. బ్రౌజర్‌కు పంపడం

కంటెంట్ టైప్ హెడర్‌ను అప్లికేషన్ ఎక్స్‌ఎంఎల్‌గా, క్యారెక్టర్ సెట్‌ను యూటీఎఫ్-8గా పెట్టి, సేవ్ఎక్స్‌ఎంఎల్ ఇచ్చిన రాతను ప్రింట్ చేయాలి. ఎక్స్‌ఎంఎల్ డిక్లరేషన్‌కు (వెర్షన్, ఎన్‌కోడింగ్ చెప్పే మొదటి లైను) ముందు ఒక్క ఖాళీ లైను ఉన్నా "డిక్లరేషన్ మొదట్లో లేదు" అని చదివే ప్రోగ్రాం తిప్పికొడుతుంది. ఆ ఖాళీ ఎక్కువగా ఇన్‌క్లూడ్ చేసిన ఏదో ఫైల్లో పీహెచ్‌పీ ముగింపు గుర్తు తరవాత కొట్టిన ఎంటర్ వల్ల వస్తుంది. ఆ ముగింపు గుర్తునే రాయకపోతే సరి. డిక్లరేషన్‌కు ముందు డిబగ్ కోసం వేసిన ఎకో ఉన్నా ఇదే గతి. బీఓఎం ఉన్న పీహెచ్‌పీ ఫైలైతే ఇంకా తికమక, కంటికి కనబడని మూడు బైట్లు హెడర్ కన్నా ముందే బయటికి పోయి "హెడర్లు ఇప్పటికే వెళ్ళిపోయాయి" అనే వార్నింగ్ తెస్తాయి.

బయటివాళ్ళు పంపే ఎక్స్‌ఎంఎల్‌ను మీ పత్రంలో కలుపుతుంటే, దాన్ని లోడ్ చేసేటప్పుడు ఎంటిటీలను విప్పే నోఎంట్ ఆప్షన్ ఇవ్వకండి. పేరు చూసి ఎంటిటీలను ఆపుతుందనుకుంటారు, అది చేసేది సరిగ్గా తలకిందులు. దాన్ని వాడుకుని బయటివారు మీ సర్వర్‌లోని ఫైళ్ళను చదవగలరు. లిబ్‌ఎక్స్‌ఎంఎల్ 2.9 నుంచి ఆప్షన్ ఇవ్వకపోతే బయటి ఎంటిటీలు తెరుచుకోవు. జావాలో డాక్‌టైప్‌ను (ఎంటిటీలను ప్రకటించే భాగం) నిషేధించే ఫీచర్‌ను మీరే ఆన్ చేయాలి.

రాసిన ఫైలును ప్రతిసారీ ఎక్స్‌ఎంఎల్‌లింట్ అనే కమాండ్‌తో, నోఅవుట్ ఆప్షన్ ఇచ్చి పరీక్షించండి. ఏమీ మాట్లాడకపోతే ఫైలు బాగున్నట్టే, తప్పుంటే లైను నంబరుతో సహా చెబుతుంది. పరీక్షకు ఇచ్చే మొదటి గమనికలో & గుర్తు, లెస్‌దెన్ గుర్తు, "టైగర్" అనే మాట మూడూ ఉండేలా చూసుకోండి.